ఏసీ పెట్టెలో ఆకులు

లారీ క్యాబిన్‌లో క్లీనరు కూర్చునే వైపు, డ్యాష్‌బోర్డు వెనకాల ఒక నల్లటి ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. గాలిని లోపలికి లాక్కొని, చల్లబరిచి, డ్రైవరు మొహం మీదికి పంపేది ఇదే. మెకానిక్కులు ఏసీ యూనిట్ అంటారు, కంపెనీ పుస్తకాల్లో హౌసింగ్ అని ఉంటుంది. లారీ ఏసీకి వచ్చే జబ్బుల్లో చాలావాటికి మూలం ఈ పెట్టెలో చేరే చెత్త. ఎండు వేపాకులు, వరి పొట్టు, పత్తి నూగు, సిమెంటు ధూళి, దేవుడి పటం దండలోంచి రాలిన బంతి రేకులు, ఎలుక కొరికి పోగేసుకున్న స్పాంజి ముక్కలు, ఇవన్నీ ఒక్క లారీలోనే దొరకవచ్చు. వీటిని బయటికి తీయడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఓ పూట సమయం, ఓపిక, కొంత జాగ్రత్త కావాలి.

ఈ పెట్టె గురించి తెలుసుకోవాల్సిన అవసరం లారీవాళ్లందరికీ ఇటీవలే వచ్చింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతుల సరకు వాహనాల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేస్తూ కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. సరకుతో కలిపి మొత్తం బరువు 3.5 టన్నులు దాటి 12 టన్నుల దాకా ఉండేవి ఎన్2, అంతకు మించినవి ఎన్3. అప్పటిదాకా లారీలో ఏసీ అంటే కొద్దిమందికి దక్కే సౌకర్యం. ఛాసిస్ కొని, బాడీ బిల్డింగ్ షెడ్డులో చెక్కతో, రేకుతో క్యాబిన్ కట్టించుకున్న లారీలే రోడ్ల మీద ఎక్కువగా తిరిగాయి. మెడకు తడి తువ్వాలు చుట్టుకొని, కిటికీలోంచి వడగాలి కొడుతుంటే, పక్కన ఇంజిన్ వేడి తగులుతుంటే డ్రైవర్లు దశాబ్దాల పాటు బండ్లు నడిపారు. రామగుండం, కొత్తగూడెం, రెంటచింతల వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ ఎండలో పది గంటలు స్టీరింగ్ పట్టే మనిషికి చల్లగాలి విలాసం కాదు. అయితే చట్టం ఫ్యాక్టరీలో ఏసీ బిగించే వరకే చూస్తుంది. ఆ తర్వాత అది పనిచేసేలా చూసుకోవాల్సింది బండి సొంతదారు.

చల్లదనం తగ్గితే

ఏసీ సరిగా చల్లబరచడం లేదనగానే ముందు వినిపించే మాట, గ్యాస్ కొట్టించాలని. చాలాసార్లు ఈ మాట తప్పుదారి పట్టిస్తుంది. వాహనాల ఏసీల్లో విరివిగా వాడే ఆర్134ఎ వాయువు మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. డీజిల్‌లాగా ఖర్చయ్యేది కాదు. లీకు ఉంటే తప్ప గబగబా తగ్గదు. సరిపడా ఉన్నచోట ఇంకా ఎక్కిస్తే ఒత్తిడి పెరిగి చల్లదనం మరింత పడిపోతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. డబ్బు పోయి, జబ్బు అలాగే మిగులుతుంది. కాబట్టి మొదట చూడాల్సింది గాలి దారిని.

తేడా పట్టడానికి అరచెయ్యి చాలు. బ్లోయర్‌ను పూర్తి వేగంలో పెట్టి డ్యాష్‌బోర్డు జాలీ ముందు చెయ్యి ఉంచాలి. గాలి ధారాళంగా వస్తూ చల్లగా లేకపోతే లోపం గ్యాసులోనో, కంప్రెసర్‌లోనో, కండెన్సర్‌లోనో ఉండాలి. గాలి చల్లగానే ఉండి నీరసంగా వస్తుంటే దారిలో ఏదో అడ్డుపడింది. బండి పరుగెత్తుతున్నప్పుడు చల్లగా, టోల్‌గేటు దగ్గర ఆగితే వెచ్చగా వస్తే కండెన్సర్ వైపు చూడాలి.

ఇంకో గుర్తు చాలామందిని తికమక పెడుతుంది. గంటో రెండు గంటలో ఏసీ బాగానే పనిచేస్తుంది. తర్వాత గాలి సన్నబడి, చివరికి రానే రాదు. కాసేపు ఆపి మళ్లీ వేస్తే మామూలుగా వస్తుంది. లోపలి కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టినప్పుడు ఇలా జరుగుతుంది. కాయిల్‌కు తగినంత గాలి తగలకపోతే దాని ఉష్ణోగ్రత సున్నాకు దిగిపోతుంది. మీదున్న తేమ మంచవుతుంది, ఆ మంచు మిగిలిన సందుల్ని కూడా మూసేస్తుంది. ఆపిన కాసేపట్లో కరిగిపోతుంది కాబట్టి మెకానిక్కు దగ్గరికి వెళ్లేసరికి ఏ లోపమూ కనిపించదు. గ్యాస్ తక్కువైనా, థర్మోస్టాట్ పాడైనా మంచు కట్టవచ్చు. కానీ చెత్త తీశాక కూడా కడుతుంటేనే వాటిని అనుమానించాలి.

చెవికీ ముక్కుకూ కూడా కొన్ని తెలుస్తాయి. బ్లోయర్ వేయగానే టకటక చప్పుడు వస్తే ఫ్యాన్‌లో పుల్లో ఆకు కాడో తగులుతోంది. డ్యాష్‌బోర్డు వణికితే ఫ్యాన్ రెక్కలకు ఒక పక్క మట్టి పట్టింది. ముక్కిన వాసన వస్తే లోపల తడిసిన ఆకులు కుళ్లుతున్నాయి. క్లీనరు కాళ్ల దగ్గర మ్యాట్ తడిస్తే నీళ్లు పోయే గొట్టం మూసుకుంది.

పెట్టె లోపల

గాలి నడిచే వరుస తెలిస్తే చెత్త ఎక్కడెక్కడ ఆగుతుందో తెలుస్తుంది. మన రోడ్ల మీది చదును ముక్కు లారీల్లో బయటి గాలి ముందు అద్దం కిందున్న జాలీ గుండా వస్తుంది. తర్వాత ఒక ఫ్లాప్ ఉంటుంది. బయటి గాలి తీసుకోవాలా, క్యాబిన్‌లో గాలినే మళ్లీ తిప్పాలా అన్నది దాని పని. ఆ తర్వాత ఫిల్టర్, కొన్ని బండ్లలో అది ఉండదు. దాని వెనక బ్లోయర్, అంటే డబ్బా ఆకారంలో చుట్టూ సన్నటి రెక్కలుండే ఫ్యాన్, దాన్ని తిప్పే మోటారు. బ్లోయర్ నెట్టిన గాలి కూలింగ్ కాయిల్ గుండా దూరి చల్లబడుతుంది. అక్కడి నుంచి చిన్న చిన్న తలుపులు దాన్ని మొహం వైపో, కాళ్ల వైపో, ముందు అద్దం వైపో మళ్లిస్తాయి.

కాయిల్ దగ్గరే అసలు కథంతా ఉంది. గొట్టాల మధ్య వరుసగా పేర్చిన అల్యూమినియం రేకులతో అది తయారవుతుంది. ఒక్కో రేకు మందం మిల్లీమీటరులో పదో వంతు అటూఇటూ, రేకుల మధ్య సందు ఒకటి రెండు మిల్లీమీటర్లు. చన్నీళ్ల చెంబుకు బయట చెమట పట్టినట్టు, ఏసీ నడుస్తున్నంతసేపూ గాలిలోని తేమ ఈ రేకుల మీద నీరై కారుతూ ఉంటుంది. తడికి ధూళి అంటుకుంటుంది, ధూళికి నూగు, నూగుకు ఆకు ముక్కలు. కొన్ని నెలలకు కాయిల్ ముఖం మీద బొంతలాంటి పొర తయారవుతుంది. చివర పట్టుకొని లాగితే చాపలా ఊడి వచ్చేంత మందంగా కూడా ఉంటుంది. గాలి దాన్ని దాటలేదు.

బ్లోయర్ వేగాన్ని తగ్గించే రెసిస్టర్ కూడా చాలా బండ్లలో ఈ గాలి దారిలోనే ఉంటుంది. అందులోని తీగ వేడెక్కుతుంది, గాలి తగిలి చల్లబడుతుంది. గాలి తగ్గితే మాడిపోతుంది. నాలుగో నంబరు మీద మాత్రమే బ్లోయర్ తిరిగి, మిగిలిన మూడింటిలో తిరగకపోతే రెసిస్టర్ పోయినట్టే. దాన్ని మార్చేవాళ్లు అది ఎందుకు మాడిందో చూడకపోతే కొత్తది కూడా మాడుతుంది. ఆ వేడి తీగ మీద ఎండుటాకులు పేరుకుంటే రాజుకునే ప్రమాదం ఉంది. ఏసీ జాలీల్లోంచి కాలిన వాసన వస్తే బ్లోయర్ వెంటనే ఆపి, బండి పక్కకు తీయాలి.

చెత్త వచ్చే దారులు

లారీ నీడ వెతుక్కొని ఆగుతుంది. దాబాల ముందు, లారీ స్టాండ్లలో ఆ నీడ వేపదో, కానుగదో, చింతదో, తురాయిదో అయి ఉంటుంది. కానుగాకు వెడల్పైనది కాబట్టి జాలీ మీదే ఆగిపోతుంది. చింత, తురాయి ఆకులు అలా కాదు, చిన్న చిన్న రేకులుగా విడిపోయి సందుల్లోంచి నేరుగా లోపలికి దిగుతాయి. వేపాకు మాఘ ఫాల్గుణాల్లో రాలుతుంది, ఆ వెంటనే ఉగాదికి పూత. ఏసీ గట్టిగా వాడడం మొదలుపెట్టేది కూడా అప్పుడే. శిశిరంలో జాలీ మీద, దాని వెనక చేరిన ఆకులన్నిటినీ మొదటి ఎండ రోజున బ్లోయర్ ఒక్కసారిగా లోపలికి లాక్కుంటుంది.

మోసే సరకును బట్టి కూడా చెత్త మారుతుంది. ఆదిలాబాద్ వైపు పత్తి ఎత్తే లారీలో నూగు చేరుతుంది. చూడటానికి మెత్తగా ఉన్నా కాయిల్‌ను అన్నిటికంటే త్వరగా మూసేది అదే. గుంటూరు మిర్చి యార్డుకు తిరిగే బండిలో మిరప పొడి చేరి, ఏసీ వేయగానే కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది. రామగుండం థర్మల్ కేంద్రం బూడిద, చీమకుర్తి గ్రానైట్ పొడి సన్నగా ఉండి ఫిల్టర్ లేని పెట్టెలో కాయిల్ లోతుల్లోకి పోతాయి. అన్నిటిలోకి మొండిది సిమెంటు. కాయిల్ మీది తడి తగిలి అది గట్టిపడుతుంది, అందులోని క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది. సిమెంటు మోసే బండిలో కాయిల్‌ను నీళ్లతో కడగాలనుకోవడం పొరపాటు. ముందు పొడిగానే వ్యాక్యూమ్‌తో లాగాలి, తర్వాతే తడి.

డ్యాష్‌బోర్డు మీద దేవుడి పటం లేని లారీ అరుదు. ముందు అద్దానికి గాలి కొట్టే పొడవాటి సందు సరిగ్గా ఆ పటం ముందే ఉంటుంది. పూల రేకులు, అగరుబత్తి నుసి, చిల్లర నాణేలు, టోల్ రసీదులు అందులో పడుతుంటాయి. అవి కిందికి జారి తలుపు కీలు దగ్గర ఇరుక్కుంటే గాలి మొహానికి రావాల్సింది కాళ్లకు వస్తుంది, లేదా అద్దానికి రాదు. వానాకాలంలో అద్దం మీద పట్టే ఆవిరిని తుడిచేది ఆ గాలే కాబట్టి ఇది ప్రాణాల మీదికి తెచ్చే లోపం. పూజ మానక్కర్లేదు. పటాన్ని ఆ సందుకు దూరంగా పెట్టుకుంటే చాలు.

తెరిచే ముందు

బండిని చదును నేల మీద ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, ఇంజిన్ చల్లారనివ్వాలి. బ్యాటరీ మెయిన్ స్విచ్ ఉంటే ఆపాలి, లేకపోతే నెగెటివ్ తీగ తీసెయ్యాలి. పెద్ద లారీల్లో ఉండేది 24 వోల్టుల వ్యవస్థ. చేతులకు గ్లవుజులు, కళ్లకు అద్దాలు, ముక్కుకు ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. మొహానికి కట్టుకునే తువ్వాలు గ్రానైట్ పొడిని, బూడిదను ఆపలేదు. గ్రానైట్ పొడిలో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులను తిరిగి బాగుచేయలేనంతగా పాడుచేస్తుంది.

గ్యాస్ గొట్టాల బిగింపులు మాత్రం విప్పకూడదు. చెత్త తీయడానికి ఆ అవసరమే లేదు. మామూలు గాలి ఒత్తిడి దగ్గర ఆర్134ఎ సున్నాకు దిగువన 26 డిగ్రీలకే మరుగుతుంది, చర్మం మీద పడితే కాలినట్టు గడ్డకట్టిస్తుంది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది, గాలిలోకి వదలకూడదు.

బ్లోయర్ దించాక

పని బయటి నుంచి లోపలికి సాగాలి. ముందు అద్దం కింది ప్యానెల్ ఎత్తి, జాలీ మీద, దాని వెనక గుంటలో ఉన్న ఆకుల్ని చేత్తో తీయాలి. ఇది చేయకుండా లోపల శుభ్రం చేస్తే సాయంత్రానికి మళ్లీ నిండుతుంది. తర్వాత ఫిల్టర్. కొన్ని లారీల్లో ముందు ప్యానెల్ వెనక, కొన్నింట్లో గ్లవ్ బాక్సు వెనక ఉంటుంది. మడతల కాగితం ఫిల్టర్‌ను కడగకూడదు, మార్చాలి. స్పాంజిది, నైలాన్ వలది కడిగి పూర్తిగా ఆరబెట్టి వాడుకోవచ్చు. ఫిల్టర్ అంచున గాలి దిశను చూపే బాణం గుర్తు ఉంటుంది, తిరిగి పెట్టేటప్పుడు అది తిరగబడకూడదు.

ఇప్పుడు బ్లోయర్. ప్లగ్గు ఊడదీసి, చుట్టూ ఉన్న కొద్ది స్క్రూలు విప్పితే మోటారు, ఫ్యాన్ కలిసి కిందికి దిగుతాయి. దించేటప్పుడు కింద ఓ గోనెపట్టా పరవాలి, చెత్త గుప్పెళ్లకొద్దీ రాలుతుంది. ఫ్యాన్ రెక్కల్ని రంగులు వేసే పాత బ్రష్షుతో ఒక్కొక్కటిగా దులపాలి. రెక్కలకు చిన్న లోహపు క్లిప్పు కనిపిస్తే అది చెత్త కాదు. ఫ్యాన్ వణక్కుండా తిరగడానికి ఫ్యాక్టరీలో పెట్టిన తూకం అది, కదిలించకూడదు. మోటారును నీళ్లలో ముంచకూడదు.

బ్లోయర్ ఖాళీ చేసిన రంధ్రంలోంచి టార్చి వేస్తే చాలా బండ్లలో కాయిల్ ముఖం కనిపిస్తుంది. సెల్‌ఫోన్‌ను లోపలికి పెట్టి వీడియో తీస్తే కంటికి ఆనని మూలలు కూడా తెలుస్తాయి. పెద్ద ముక్కల్ని చేత్తో తీసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టం తగిలించిన వ్యాక్యూమ్‌తో లాగాలి. మొండిగా అంటుకున్నదాన్ని మెత్తటి బ్రష్షుతో, రేకులు ఎటు నిలబడి ఉన్నాయో అటే, పైకీ కిందికీ గీయాలి. అడ్డంగా గీస్తే రేకులు వంగి పడుకుంటాయి, వంగిన చోట గాలి దూరదు.

చాలా లారీల్లో ఒక పొరపాటు అలవాటుగా జరుగుతోంది. బ్రేకుల కోసం ఎయిర్ ట్యాంకు ఉంటుంది, దానికి ఓ పైపు తగిలించి సీట్లు, మ్యాట్లు దులుపుకుంటారు. అదే పైపును ఏసీ పెట్టెలో పెట్టి కొడతారు. ఆ గాలి ఒత్తిడి ఎనిమిది బార్ల దాకా ఉంటుంది. మిల్లీమీటరులో పదో వంతు రేకు దానికి నిలవదు. పైగా బ్లోయర్ వైపు నుంచి కొట్టిన గాలి చెత్తను బయటికి తేదు, కాయిల్ లోపలికి దట్టిస్తుంది. అప్పటిదాకా చేత్తో తీయగలిగిన చెత్త, ఆ తర్వాత కాయిల్ మొత్తం విప్పితే తప్ప రాదు. ఈ ఒక్క అలవాటు మానుకున్నా ఎన్నో కాయిళ్లు బతుకుతాయి.

పొడి చెత్త పోయాక కాయిల్ కోసం తయారయ్యే నురుగు క్లీనరు చల్లవచ్చు. అల్యూమినియానికి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదే కొనాలి. యాసిడ్, కాస్టిక్ సోడా, బట్టల బ్లీచింగ్ రేకుల్ని తినేస్తాయి. నురుగు కరిగి, మురికితో కలిసి అడుగు గొట్టంలోంచి బయటికి పోతుంది. అది పోవాలంటే గొట్టం తెరుచుకొని ఉండాలి. కాబట్టి నురుగు చల్లే ముందే దాని సంగతి చూడాలి.

నీళ్లు పోయే గొట్టం

పెట్టె అడుగు నుంచి క్యాబిన్ కిందికి దిగే రబ్బరు గొట్టం ఇది. మట్టి, కుళ్లిన ఆకుల జిగురు కలిసి దీన్ని మూసేస్తాయి. నీళ్లు పెట్టెలోనే నిలిచి, బూజు పట్టి, చివరికి క్యాబిన్‌లోకి పొర్లుతాయి. కింది నుంచి మెత్తటి ప్లాస్టిక్ టై ఒకటి దూర్చి కదిలిస్తే చాలు. ఇనుప ఊచతో బలంగా పొడిస్తే పైన కాయిల్‌కు చిల్లు పడవచ్చు. పావు లీటరు నీళ్లు పెట్టె అడుగున మెల్లగా పోసి, కింద అవి ధారగా పడ్డాయో లేదో చూడాలి. ఈ పరీక్ష చేయకుండా పెట్టె మూయకూడదు.

ఎలుక గూడు దొరికితే

ధాన్యం, మొక్కజొన్న మోసే లారీల్లో, క్యాబిన్‌లో అన్నం మూటలు ఉండే లారీల్లో ఎలుకలు ఈ పెట్టెను ఇల్లు చేసుకుంటాయి. గూడు కనిపిస్తే పొడిగా ఊడ్చకూడదు, వ్యాక్యూమ్ పెట్టకూడదు. ఎలుక మూత్రం, పెంటికల ధూళి గాలిలోకి లేస్తే ప్రమాదం. ఎలుక మూత్రం తగిలిన తడి చేతి గాట్లలోంచి ఒంట్లోకి పోతే లెప్టోస్పైరోసిస్ రావచ్చు. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి గూటి మీద చల్లి, అయిదు నిమిషాలు నాననిచ్చి, గ్లవుజులతో ఎత్తి సంచిలో కట్టెయ్యాలి. ఈ ద్రావణం ప్లాస్టిక్ మీద వాడవచ్చు, కాయిల్ రేకులకు మాత్రం తగలనివ్వకూడదు. పెట్టె మూసే ముందు ఎలుక కొరికిన వైర్లున్నాయేమో వెతకాలి.

అన్నీ బిగించాక బ్లోయర్‌ను ఒక్కో వేగంలో నడిపి, ఫ్లాప్ రెండు వైపులా కదులుతోందో లేదో చూడాలి. గాలి బలం ముందుకంటే పెరగాలి. పెరగకపోతే చెత్త కాయిల్ లోతుల్లో ఉంది. అప్పుడు పెట్టె మొత్తం విప్పక తప్పదు. గ్యాసును యంత్రంతో వెనక్కి తీసి భద్రపరచగల వర్క్‌షాపులోనే ఆ పని చేయించాలి.

మళ్లీ చేరకుండా

బండి ఆపేటప్పుడు ఫ్లాప్‌ను క్యాబిన్ గాలి వైపు తిప్పి ఉంచితే చాలా బండ్లలో బయటి దారి మూసుకుంటుంది. ఆకులకూ ఎలుకలకూ అది మొదటి తలుపు. సరకు ఎత్తేటప్పుడు, దించేటప్పుడు ఇంజిన్ నడుస్తున్నా బ్లోయర్ ఆపాలి. జాలీ వెనక అరసెంటీమీటరు సందుల ఇనుప వల బిగించుకోవచ్చు. దోమతెర మాత్రం పనికిరాదు, అది త్వరగా మూసుకుపోయి గాలిని ఆపేస్తుంది. గమ్యం ఇంకో అయిదు నిమిషాల్లో వస్తుందనగా ఏసీ స్విచ్ ఆపి బ్లోయర్ మాత్రం నడిపిస్తే కాయిల్ ఆరిపోయి వాసన పట్టదు. బయట ముందు భాగంలో ఉండే కండెన్సర్‌ను కూడా మరవకూడదు. పురుగులు, పొట్టు అంటుకుంటే వెనక వైపు నుంచి మామూలు నీళ్ల ధారతో కడగాలి.

ఈ శుభ్రత ఏడాదికి రెండుసార్లయినా జరగాలి. వేపాకు రాలడం ఆగాక ఉగాదికి ముందు ఒకసారి, పత్తి, వరి సరకు మోత ముగిశాక మరోసారి. సిమెంటు, బూడిద, గ్రానైట్ మోసే బండ్లకు ఇంకా తరచుగా. ఆ పూట బండి ఆగినందుకు డ్రైవరుకు బత్తా కోయకుండా, ఫిల్టరు ఖర్చు అతని మీద వేయకుండా, టైర్లకూ ఆయిలుకూ రాసుకున్నట్టే దీన్నీ లారీ యజమానులు తమ ఖర్చుల పుస్తకంలో రాసుకోవాలి.